పెరిగే పిల్ల కాలు

"ఇంకో రెండు వేళ్ళు పెంచి చెయ్యండి డాక్టరయ్యా," అంది అసుంతా.

అడ్రికో తల ఎత్తలేదు. కిడెన్ మొండికాలికి చుట్టిన తడి ప్లాస్టరు పట్టీ ఆరేలోగా మోకాటిచిప్ప కింద రెండు బొటనవేళ్ళూ అదిమి పట్టి ఉంచాడు. ఆ అదుము సరిగా పడకపోతే రేపు చేయబోయే తొడుగు కండ మీద గాక ఎముక మీద కూర్చుంటుంది. ఎముక మీద కూర్చున్న తొడుగు పుండు చేయక మానదు. తొమ్మిదేళ్ళ కిడెన్‌కు ఆ సంగతి అతనికి తెలిసినంతగానే తెలుసు కాబట్టి బల్ల అంచు పట్టుకొని ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"పెంచేది ఏమిటి?"

"కాలే. పొడుగూ వెడల్పూ రెండూ. బడి గౌను కుట్టించేటప్పుడు లోపల మడత వదలమంటామా, లేదా? పెరిగే పిల్ల. ఇదీ అంతే."

అడ్రికోకు నవ్వు వచ్చింది. "గౌను పెద్దదైతే చూసినవాళ్ళు నవ్వి ఊరుకుంటారు కిడెన్ అమ్మా. కాలు పెద్దదైతే పిల్ల నడుము వంకరపోతుంది."

"నవ్వేవాళ్ళు ఎలాగూ నవ్వుతూనే ఉన్నారుగా."

"ఇంకోటి. నేను డాక్టర్ని కాను. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"ఏమో నాయనా. అక్కడ ఆసుపత్రిలో డాక్టరు మందు లేదు పొమ్మంటాడు. ఇక్కడ మీరు కాలిచ్చి పంపిస్తారు. ఎవరు డాక్టరో నాకు తెలుసులే."

కిడెన్ కిసుక్కుమంది. ప్లాస్టరు కదిలింది. "కదలకు," అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

పట్టీ గట్టిపడ్డాక అడ్రికో దాన్ని మెల్లగా జార్చి తీశాడు. లోపల ఆ పసికాలి ముద్ర మొత్తం, తోలు ముడతలతో సహా, అచ్చుగా నిలిచి ఉంది. అతడు దాన్ని వెలుతురుకు పెట్టి చూస్తూ ఉండగా అసుంతా మళ్ళీ అడిగింది. ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు.

"నిజం చెప్పండి. వచ్చే వానలకి మీరుంటారా ఇక్కడ?"

అడ్రికో అచ్చును బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోవటానికి వెళ్ళాడు. అవసరమైనదానికన్నా ఎక్కువసేపు కడుక్కున్నాడు.

ఆమ్వారా శరణార్థి శిబిరంలో ఆ రేకుల కట్టడాన్ని అందరూ కాళ్ళ షెడ్డు అనేవారు. సంస్థవారు గోడ మీద రాయించిన పొడవాటి పేరు ఎవరికీ నోరు తిరగలేదు. దక్షిణ సూడాన్‌లో యుద్ధానికి వెరచి సరిహద్దు దాటి వచ్చినవారిలో కాలు పోయినవారంతా ఎప్పుడో ఒకప్పుడు ఆ షెడ్డు ముందు చాప మీద కూర్చున్నవారే. అడ్రికో శరణార్థి కాడు. సరిహద్దుకు ఇవతలివాడు, లుగ్బరా తెగ మనిషి. అయితే అతని చిన్నతనంలో ఇక్కడ కాల్పులు జరిగినప్పుడు అతని తల్లిదండ్రులే అతన్ని చంకన వేసుకొని అటువైపు పారిపోయి, ఏళ్ళ తరబడి అటువారి ముద్ద తిని బ్రతికారు. ఆ మాట అతడు ఎవరితోనూ అనడు. కాని అసుంతా వంటివారు మాట్లాడుతూ ఉంటే పని ఉందని మధ్యలో లేచి వెళ్ళడు.

కిడెన్‌కు మూడేళ్ళు నిండకముందు, కర్రపెండలం తవ్వటానికి తల్లి వెంట చేనికి వెళ్ళి, ఎవరో నేలలో పాతి మరచిపోయినదాని మీద అడుగు వేసింది. నాటి నుంచి ఆమె వేసుకొన్న కాళ్ళన్నీ అడ్రికో చేతిలో తయారైనవే. పెద్దవాడికి చేసిన కాలు ఏళ్ళు వస్తుంది. పిల్లకు చేసినది ఒక ఎండకాలం దాటి మరో ఎండకాలానికి నిలవదు. ఒళ్ళు పెరుగుతుంది, ఎముక పెరుగుతుంది, కాలు మాత్రం ఉన్నచోటనే ఉండిపోతుంది.

ఆ షెడ్డు నడిచేది దూరదేశంలోని హాల్వర్ నిధి అనే ఒకే ఒక్క దాత సొమ్ముతో. శిబిరంలో జనం దాత అంటే ఒక ముసలాయన అనుకొనేవారు. ఆయనకు కోపతాపాలూ, కుటుంబమూ కూడా వారే కల్పించారు. రేషను తగ్గిన నెలలో నీటికుళాయి దగ్గర ఆడవాళ్ళు "దాతకి ఒంట్లో బాగోలేదట" అని చెప్పుకొనేవారు. "కాదు, కూతురి పెళ్ళి చేసుంటాడు, చేతిలో చిల్లిగవ్వ మిగల్లేదు," అని మరొకతె అందుకొనేది. అడ్రికో ఆ మాటలు విని మొదట్లో సరిదిద్దబోయేవాడు. తరువాత మానుకొన్నాడు. తాను చెప్పగలిగిన వివరణ అంతకన్నా నమ్మదగినదిగా ఏమీ లేదు.

మొదట అతనితో పాటు మరి ఇద్దరు పనివారు ఉండేవారు. ఒక ఏడు ఒకరిని, మరుసటి ఏడు ఇంకొకరిని పంపివేశారు. ఒకసారి గోడలకు రంగు వేయించటానికి సొమ్ము వచ్చింది గాని, మొండికాలికి తొడిగే ఉన్ని మేజోళ్ళకు రాలేదు. రంగు ఫొటోలో పడుతుంది. మేజోడు తొడుగు లోపల ఉంటుంది. ఇప్పుడు ప్లాస్టిక్ పలకలు కూడా రావటం ఆగిపోయింది. గిడ్డంగిలో గోధుమరంగు పలక ఒక్కటి మిగిలింది, ఒక పిల్లకాలికి సరిపడా. అది కిడెన్‌కని అతడు పక్కన పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే శిబిరం కార్యాలయాధికారి సిల్వియా నమతోవు షెడ్డుకు వచ్చింది. కంపాలా పిల్ల, అడ్రికో కన్నా చాలా చిన్నది. అందువల్ల పై అధికారి అయినా అతన్ని మీరనే అంటుంది. ఆమె స్టూలు లాక్కొని కూర్చొని, కాళ్ళకున్న దుమ్ము దులుపుకొంది.

"హాల్వర్ వాళ్ళు రెండు షెడ్లలో ఒకటే ఉంచుతారట. మనది, లేకపోతే ఇంకో దేశంలోది. చూసి చెప్పటానికి ఒకావిడ వస్తోంది."

"ఏం చూస్తుందట?"

"నడక. పిల్లలు ఎలా నడుస్తున్నారో. కిడెన్‌ని నడిపిద్దాం. అంత చక్కగా నడిచేవాళ్ళు మనకింకెవరున్నారు?"

అడ్రికో ఆకురాయి కింద పెట్టాడు. "పోయినసారి బాగా నడిస్తే పనైపోయిందిగా, ఇంకెందుకు డబ్బులన్నారు. అంతకు ముందు ఒకడు కుంటితే పని చేతకాదన్నారు. ఈసారి మధ్యరకంగా నడవమని చెప్పమంటారా?"

"చెప్పండి, నేర్చుకుంటుంది, తెలివైన పిల్ల," అంది సిల్వియా. ఇద్దరూ నవ్వుకొన్నారు. నవ్వు తొందరగా అయిపోయింది.

"మేడం, ఈ పిల్లకి వచ్చే ఏడు మళ్ళీ కాలు కావాలి. ఆ తరువాతి ఏడు ఇంకోటి. ఆ మాట ఒక్కసారి వాళ్ళకి గట్టిగా చెప్పకూడదా?"

"ఎన్నిసార్లు చెప్పానో మీకు తెలియదు. ఒకసారి కాలిచ్చిన మనిషికి మళ్ళీ ఇస్తే వాళ్ళ లెక్కలో కొత్త మనిషి కిందికి రాదు. నిరుడిచ్చారుగా అంటారు. పిల్ల పెరిగిందండీ అంటాను. పెరగటానికి వాళ్ళ దగ్గర గడి లేదు అడ్రికో గారూ. నేను మాత్రం ఏం చెయ్యను? నా ఉద్యోగం కూడా దాంతోటే ఉంది."

ఆమె లేచి వెళుతూ గుమ్మం దగ్గర ఆగింది. "సగం ఆశ ఉంది. ఉత్తమాట కాదు, నిజంగానే సగం."

మిగిలిన సగం గురించే ఆలోచిస్తూ అడ్రికో సాయంత్రం దాకా, ముద్రలో ప్లాస్టరు పోసి తీసిన పిల్ల కాలి అచ్చును ఆకురాయితో నున్నగా చేస్తూ కూర్చొన్నాడు. అతనికి పని నేర్పిన గురువు ఒకే సూత్రం చెప్పేవాడు: ఉన్న కాలికి చెయ్యి, రాబోయే కాలికి చెయ్యకు. ఇన్నేళ్ళుగా అతడు దాన్ని తప్పలేదు. కాని ఆ గురువు చెప్పినది వచ్చే ఏడు కూడా తలుపు తెరిచి ఉండే ఆసుపత్రిలో నిలబడి. ఉన్న కాలికి సరిగ్గా చేస్తే వానలు వెనకపట్టేసరికి అది కిడెన్‌కు బిగుతైపోతుంది. అప్పటికి షెడ్డు మూతపడి ఉంటే, ఆ పిల్ల కర్ర పట్టుకోవలసిందే. అసుంతా అడిగిన ప్రశ్నకు అతడు జవాబు చెప్పలేదు. చెప్పకపోవటమే జవాబని ఆమె గ్రహించే ఉంటుంది.

చివరకు అతడు ఒక ఉపాయం ఆలోచించాడు. తొడుగు వదులుగా చేసి, లోపల ఒకదానిపై ఒకటి మందపాటి మేజోళ్ళు వేస్తే నిండుగా పట్టుకొంటుంది. పిల్ల ఒళ్ళు చేసినకొద్దీ ఒక్కొక్క మేజోడు తీసివేయవచ్చు. కాలి పొడవు రెండు వేళ్ళు పెంచి, ఆ తేడా తెలియకుండా మంచి కాలి చెప్పుకు టైరు ముక్కతో ఎత్తు అడుగు వేస్తే నడుము సమంగా ఉంటుంది. పిల్ల పొడుగైనకొద్దీ ఆ అడుగును చెక్కుతూ పోవచ్చు. సరిగ్గా వాడితే రెండేళ్ళు గడుస్తాయి. ఆలోచించినకొద్దీ ఉపాయం అతనికి నచ్చింది. పనివాడికి తన పని మీద కలిగే మురిపెం అది. సిల్వియాకు చెప్పాలని తోచింది గాని, చెబితే వద్దంటుందని కూడా తోచింది. చెప్పలేదు.

పలకను వేడి చేసి, మెత్తబడ్డాక అచ్చు మీద పరచి, గాలి లాగే యంత్రం పెట్టాడు. ఆఖరి పలక ఏ మూలా చీలకుండా అచ్చుకు అంటుకొంది. గొట్టం బిగించాడు, రబ్బరు పాదం తొడిగాడు, దాత ముద్ర ఉన్న నీలి కాగితాన్ని నిబంధన ప్రకారం పిక్క మీద అంటించాడు.

అసుంతా ఆ కాలిని చేతుల్లోకి తీసుకొని, పొడవు చూసి, అతని చెయ్యి పట్టుకొని కళ్ళకద్దుకొంది.

"ఇదిగో, వినిపించుకో," అన్నాడు అడ్రికో. "ఈ ఎత్తు చెప్పు లేకుండా ఒక్క అడుగు వెయ్యకూడదు. ఒక్క అడుగు. అర్థమైందా?"

"అర్థమైంది."

"నీక్కాదు, పిల్లకి. ఏమే?"

"చెప్పు లేకుండా నడవకూడదు మామయ్యా," అంది కిడెన్, పాఠం అప్పజెప్పినట్టు. చెప్పులు తొడుక్కొని షెడ్డు చివరిదాకా నడిచి, తిరిగి పరుగెత్తుకొని వచ్చింది. ఎవరైనా చెబితే తప్ప ఏ కాలు ప్లాస్టిక్‌దో తెలియదు.

హాల్వర్ నిధి తరఫున వచ్చిన ఆవిడ పేరు బిర్గిట్టా. నెరిసిన జుట్టును పొట్టిగా కత్తిరించుకొన్న, నెమ్మదైన మనిషి. జీపు దిగగానే షెడ్డు లోపలికి వెళ్ళి పొయ్యినీ యంత్రాన్నీ చూసి, అడ్రికో ఆకురాళ్ళను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకొని, "మీరు వీటిని బాగా చూసుకుంటారు," అంది. ఆమె ఒకప్పుడు ఆసుపత్రిలో కాళ్ళు లేనివారికి నడక నేర్పే పని చేసిందని తెలిసి అడ్రికోకు ప్రాణం లేచి వచ్చింది. ఎట్టకేలకు పని తెలిసినవారు వచ్చారు.

షెడ్డు ముందు మామిడిచెట్ల నీడలో పెద్ద చాపలు పరిచారు. తల్లులు పిల్లలతో వచ్చి కూర్చొన్నారు. ఎవరి ఇంట్లో ఉన్న మంచి గుడ్డ వారు కట్టుకొని వచ్చారు. అతిథికి కుర్చీ వేశారు. అసుంతా ఎక్కడి నుంచి తెచ్చిందో, నువ్వుల ముద్దలు ఒక పళ్ళెంలో పెట్టుకొని వచ్చింది. వారమంతా ఆమె కూతురికి చెప్పిన మాట ఒకటే: పెద్దావిడ ముందు మర్యాదగా ఉండాలి, మనం ఎక్కడి నుంచో ఊడిపడ్డవాళ్ళం అనుకోకూడదు.

సిల్వియా పిలిచింది. కిడెన్ లేచి అవతలి నుంచి వచ్చింది. చక్కని నడక. బిర్గిట్టా ముందుకు వంగి చూస్తోంది. సిల్వియా అడ్రికో వైపు చూసి కనుబొమలు ఎగరేసింది.

చాప అంచుకు వచ్చేసరికి కిడెన్ ఆగింది. వంగి, రెండు చెప్పులూ విప్పి, పక్కపక్కన పొందికగా పెట్టి, చాప మీద అడుగు పెట్టింది.

అడ్రికో ఒక అడుగు ముందుకు వేశాడు. "చెప్పులు వేసుకో తల్లీ! కిడెన్, చెప్పులు!"

"చాప మీదా?" అంది అసుంతా, సిగ్గుతో గొంతు తగ్గించి. "పెద్దావిడ ముందు చెప్పులతో నిలబడమంటారేంటండీ, మనుషులం కామా?"

కిడెన్ ఇద్దరి వైపూ చూసింది. తల్లి మాటే వింది. రెండు అడుగులు వేసేసరికి ఆమె ఒళ్ళు ఒక పక్కకు ఎగిసి, మరో పక్కకు వాలింది. ఇంకో రెండు అడుగులు. అతిథి కుర్చీ ముందు, అక్కడి ఆడపిల్లలందరూ పెద్దవారిని పలకరించే తీరున, మోకరిల్లబోయింది. పొడవాటి కాలు సమయానికి మడత పడలేదు. చెయ్యి నేలకు ఆనించి, తూలి, ఎలాగో మోకరిల్లి, "బాగున్నారా అమ్మా," అంది. తల్లులందరూ మెచ్చుకోలుగా గలగలమన్నారు. అసుంతా ముఖం వెలిగిపోయింది. ఆమె చూసింది కూతురి మర్యాదను మాత్రమే.

బిర్గిట్టా కుర్చీ దిగి చాప మీద కూర్చొంది. పిల్లను లేపి, నడుముకు రెండు వైపులా బొటనవేళ్ళు పెట్టి ఎత్తు చూసింది. తొడుగు అంచులో వేలు పెట్టి మేజోళ్ళు తడిమింది. ఒకటి, దాని కింద ఒకటి, దాని కింద మరొకటి.

"ఈ కాలు పిల్లకి పెద్దది," అంది అడ్రికోతో, ఎవరికీ వినపడకుండా. "చాలా పెద్దది. మీరు చేసిందేనా?"

"నేను చేసిందే. తెలిసే చేశాను." అతడు చెప్పులు తెచ్చి కిడెన్ ముందు పెట్టాడు. "ఇవి వేసుకుని నడవనివ్వండి. ఒక్కసారి."

కిడెన్ చాప దిగి, చెప్పులు తొడుక్కొని నడిచింది. లోపం లేని నడక. బిర్గిట్టా చెప్పును తీసుకొని టైరు అడుగును తిప్పి తిప్పి చూసింది.

"తెలివైన పని," అంది. అది ఎత్తిపొడుపు కాదు. "ఎందుకిలా?"

"మీరు వెళ్ళిపోతే ఈ పిల్లకి ఇంకో కాలు చేసేవాళ్ళు ఉండరు కాబట్టి."

"మేం ఇంకా ఏమీ నిర్ణయించలేదు."

"మీ నిర్ణయం కోసం పిల్ల పెరగటం ఆపుకోలేదుగా అమ్మా."

ఆమె చెప్పును పిల్లకు తిరిగి ఇచ్చింది. తరువాత, "ఇంట్లో ఈ పిల్ల చెప్పులు వేసుకుంటుందా?" అని అడిగింది.

అడ్రికో చాప అంచున వరసగా విప్పి ఉన్న తల్లుల చెప్పుల వైపు చూశాడు. ఇంట్లో ఎవరు వేసుకుంటారు? అలికిన నేల మీద, వంటచోట, చర్చిలో, పొరుగువారి వాకిట్లో, ఎవరు వేసుకుంటారు? తన ఇంట్లో తన పిల్లలు వేసుకుంటారా? నడకను, ఎత్తును, మేజోళ్ళను, పెరగబోయే ఎముకను, అన్నిటినీ ఆలోచించిన మనిషి, పుట్టినప్పటి నుంచీ తాను ఏ గడప ముందైనా చెప్పులు విప్పే లోపలికి వెళ్ళాడన్న సంగతి ఒక్కటి ఆలోచించలేదు. దానిని దూరదేశం నుంచి వచ్చిన ఆవిడ అడగవలసి వచ్చింది.

"నేను చూసింది నేను రాయాలి," అంది బిర్గిట్టా. "మీరు చెప్పిన కారణం కూడా రాస్తాను. కాని చదివేవాళ్ళు ముందు చదివేది మొదటిదాన్ని." ఆమె గొంతులో నిజమైన విచారం ఉంది. నువ్వుల ముద్ద ఒకటి తీసుకొని, అసుంతాకు చేతులు జోడించి, జీపు ఎక్కింది.

వానలు మొదలయ్యే ముందు కబురు వచ్చింది. రెండో దేశంలోని షెడ్డు నిలిచింది. ఆమ్వారాది మూసివేయాలి. పని నాణ్యత గురించి సందేహాలు కలిగినందున, అని అందులో ఒక ముక్క ఉంది. సిల్వియా దాన్ని చదివి వినిపించి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఒక్క మాట నాతో చెప్పి ఉండాల్సింది అడ్రికో గారూ."

"చెబితే ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేదాన్ని కాదు. అందుకే చెప్పాల్సింది."

ఆమె కిటికీ వైపు తిరిగి, "వాళ్ళు ముందే అనుకుని వచ్చారేమో. ఎవరికి తెలుసు. అలా అనుకుంటే మీకు కాస్త నిద్ర పడుతుంది," అంది. తాను మాత్రం అలా అనుకోవటం లేదని ఆమె గొంతే చెప్పింది.

పొయ్యినీ యంత్రాన్నీ లారీలో వేసి తీసుకొని వెళ్ళారు. అడ్రికోకు అరువా పట్టణంలో సంచుల గోదాములో మరో సంస్థ ఇచ్చిన పని దొరికింది. ముగ్గురు పిల్లల చదువులు ఉన్నవాడు ఆలోచించటానికి ఏమీ లేదు. శిబిరంలో మాత్రం కబురు మరో రూపం తీసుకొంది. దాతగారు స్వయంగా చుట్టాన్ని పంపితే అసుంతా కూతురు ఆవిడ ముందు కుంటి చూపించిందట, ఆయనకు కోపం వచ్చి అందరి కాళ్ళూ ఆపేశాడట. నీటికుళాయి దగ్గర ఒకతె అసుంతా బిందెను కాలితో పక్కకు నెట్టి, "నీ పిల్లకైతే ఉంది, మావాళ్ళకో?" అని అడిగిందని అతని చెవిన పడింది.

ప్రయాణానికి ముందు అతడు అసుంతా ఇంటికి వెళ్ళాడు. వాన పడి వెలిసింది. గుడిసె పక్కన కిడెన్ తోటకూర కోస్తోంది. చంకలో కర్ర. గౌను కింద ఒక కాలే ఉంది.

"కాలు ఏదే?" అన్నాడు అడ్రికో, గుమ్మం బయటే చెప్పులు విప్పుతూ.

"భద్రంగా ఉంది," అంది అసుంతా లోపలి నుంచి. పైకప్పు వాసానికి కట్టిన మూట విప్పి దించింది. శుభ్రమైన గుడ్డలో చుట్టిన కాలు. పిక్క మీది నీలి కాగితం కూడా చెక్కుచెదరలేదు. "ఒక్క గీత కూడా పడలేదు, చూడండి. ఆ రోజు దీనివల్లేగా పిల్ల తూలింది. ఇప్పటికి పెద్దదే కదా అని పిల్ల దీనికి సరిపడేదాకా దాచా. ఈలోగా అరిగిపోతే మళ్ళీ ఎవరిస్తారు?"

అడ్రికో గోడకు ఆనుకొని నేల మీద కూర్చొన్నాడు. ఆమె అంటున్నదాంట్లో అతడు తప్పు పట్టగలిగినది ఒక్కటే ఉంది. కాలు తొడగకుండా దాచటం; దానికీ కారణం తాను చేసిన పెద్ద కాలే.

"దీన్ని వాడకుండా ఉంచితే మొండికాలు ఉబ్బుతుంది కిడెన్ అమ్మా. రోజూ తొడుగులో ఉంటేనే ఆకారం నిలుస్తుంది. ఎన్నాళ్ళైంది?"

"ఆవిడ వెళ్ళిన కాడినుంచి."

అతడు పిల్లను పిలిచి కూర్చోబెట్టాడు. తొడుగులోని మేజోళ్ళలో ఒక్కటే కాలికి వేసి తొడుగు పెట్టి చూశాడు. సగం దాకా వెళ్ళి ఆగింది. ఆ ఒక్కటి కూడా తీసి పెట్టాడు. అంచు కండను ఒరుసుకొంది. కిడెన్ పెదవి కొరుక్కొంది. వదులుగా ఉండాలని చేసినది ఇప్పుడే బిగుతైపోయింది.

అసుంతా అర్థం కానట్టు కాలి వైపూ, అతని వైపూ చూసింది. "పెద్దదన్నారుగా? పెద్దదనేగా ఆవిడ..."

"నిప్పులున్నాయా?" అన్నాడు అడ్రికో.

బొగ్గుల కుంపటి మీద జొన్నపిండి ముద్ద ఉడుకుతోంది. అసుంతా సగం ఉడికిన కుండను దించి పక్కన పెట్టింది. అతడు తొడుగు అంచును నిప్పులకు చూపుతూ, తిప్పుతూ, మెత్తబడినచోట గుండ్రని చెక్క గరిటెతో లోపలి నుంచి ఒత్తాడు. షెడ్డు పొయ్యిలో వేడి అన్ని వైపులా ఒకేలా ఉండేది. కుంపటిలో ఒక వైపు ఎర్రగా, మరో వైపు బూడిద. ఒక అంచు చక్కగా తెరుచుకొంది. రెండోది ఒక్కసారిగా మెరిసి, ముడుచుకొని, నల్లబడి పలచనైపోయింది. పొగ వాసన గుడిసె నిండా కమ్ముకొంది. అతడు కాలిని చటుక్కున వెనక్కు తీసి, గరిటె వెనకవైపుతో ఆ చోటును నున్నగా చేయటానికి చాలాసేపు పాటుపడ్డాడు.

చల్లారాక తొడిగాడు. ఈసారి లోపలికి వెళ్ళింది. పట్టీ బిగించి, చెప్పు వేసి, కిడెన్‌ను లేపి నిలబెట్టాడు. ఆమె కర్ర వదలకుండా నిలబడింది.

"నడు తల్లీ."

నడిచింది. గుమ్మం దాకా వెళ్ళి, చెట్టు కొమ్మ పట్టుకొన్నట్టు కర్ర పట్టుకొని తిరిగి వచ్చింది.

"ఎక్కడ నొప్పెడుతోంది?"

కిడెన్ తల్లి వైపు చూసింది, కాలి వైపు చూసింది, ఆ తరువాత అతని చేతుల వైపు చూసింది. ఆ చేతులు మళ్ళీ పట్టీ విప్పబోతాయేమోనని ఒక అడుగు వెనక్కు వేసింది.

"ఎక్కడా లేదు మామయ్యా."

ఆమె బరువంతా కర్ర మీదనే మోపి నిలబడటం, మోకాటి కింద చర్మం నల్లబడిన అంచుకు ఒరుసుకొని అప్పుడే ఎర్రబారటం అడ్రికో చూశాడు. అసుంతా కుండను మళ్ళీ నిప్పుల మీదికి ఎక్కించి, తిని వెళ్ళమంది. బస్సుకు పొద్దుపోతుందని చెప్పి లేచాడు. నొప్పి గురించి రెండోసారి అడగలేదు.